పేరు లేకుండా అచ్చయిన ఆరు పాటలు

ఉద్యోగరీత్యా బెర్లిన్‌లో ఉన్న మూడేళ్లలో, పగలంతా పని చేసుకునేవారి కోసం సాయంత్రాలు నడిచే ఒక పాటల తరగతిలో చేరాను. చిన్నతనంలో విజయవాడలో మా మేనత్త దగ్గర వర్ణాల దాకా నేర్చుకుని, పదో తరగతి పరీక్షల పేరుతో ఆపేసిన గొంతు నాది. తరగతి మొదలైన రెండో నెలలో మా టీచరుగారు అందరికీ తలా ఒక జిరాక్సు కాగితం పంచారు. పైన మధ్యలో "ఇటాలియెన్" అని పాట పేరు, దాని కింద ఎడమవైపు కవి గ్రిల్‌పార్ట్సర్ పేరు, కుడివైపు "ఎఫ్. మెండల్సోన్" అని ఉన్నాయి. జర్మన్ స్వరకర్త ఫెలిక్స్ మెండల్సోన్ పేరు నాకు ముందే తెలుసు కాబట్టి ఆయన పాటే అనుకున్నాను. టీచరుగారు నా పక్కకు వచ్చి, ఆ "ఎఫ్" మీద పెన్సిల్‌తో "ఫానీ" అని రాసి, ఇది తమ్ముడి పేరుతో అచ్చయిన అక్క పాట అని ఒక్క వాక్యంలో చెప్పి పియానో దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ ఒక్క పెన్సిలు మాట పట్టుకుని నేను చదివినవీ, విన్నవీ ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందుగా ఈ పాటల స్వరూపం కొంత చెప్పాలి. జర్మన్ భాషలో "లీడ్" అంటే మామూలుగా పాట అనే అర్థం. అయితే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఆ మాటకు ఒక ప్రత్యేకార్థం స్థిరపడింది. అప్పటికే ఒక కవి రాసి ఉంచిన కవితను తీసుకుని, ఒక గొంతుకూ ఒక పియానోకూ సరిపోయేలా స్వరపరచిన చిన్న రచనను లీడ్ అంటారు. మన వాగ్గేయకారుల సంప్రదాయంలో సాహిత్యమూ సంగీతమూ ఒకే మనిషి నోట పుడతాయి; ఇక్కడ కవి వేరు, స్వరకర్త వేరు. ఆకాశవాణి లలిత సంగీతం వింటూ పెరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కొత్తగా అనిపించేది పియానో పాత్ర. అది గొంతు వెనక నడిచే పక్కవాద్యం కాదు. గాయని మాట పలికేలోపే ఆ మాట వెనక ఉన్న అలజడిని అది చెప్పేస్తుంది. కవిత పూర్తయి గాయని నోరు మూసుకున్నాక కూడా, ఆ కవిత గురించే ఇంకా ఆలోచిస్తున్నట్టు నాలుగు స్వరాలు వాయించి అప్పుడు ఆగుతుంది.

ఈ పాట కచేరీ హాలు కోసం పుట్టలేదు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో జర్మన్ మధ్యతరగతి ఇళ్లలోకి పియానో వచ్చింది, ఆ పియానో చుట్టూ ఈ పాట పెరిగింది. ఇంటి ఆడపిల్లకు నాలుగు పాటలు రావడం పెళ్లి సంబంధాల వేళ ఒక అర్హతగా లెక్కకు వచ్చేది. ఈ మాట తెలుగువారికి విడమరిచి చెప్పనక్కరలేదు. సింఫనీ రాయాలంటే వాద్యబృందం కావాలి, ఒపేరా రాయాలంటే నాటకశాలా, దానికి డబ్బు పెట్టే ప్రభువూ కావాలి, స్వరకర్తలుగా ఆడవారిని అక్కడికి రానిచ్చేది చాలా అరుదు. లీడ్ రాయడానికి ఒక కవితల పుస్తకం, కొంత కాగితం, ఇంట్లో ఉన్న పియానో చాలు. అందువల్ల ఈ ఒక్క ప్రక్రియలో స్త్రీలు మొదటి నుంచీ ఉన్నారు. జర్మన్ మహాకవి గోథే రాసిన "ఎర్ల్‌క్యోనిగ్" అనే కవిత పేరు చెబితే సంగీతం తెలిసినవారికి 1815లో స్వరకర్త షూబర్ట్ కట్టిన బాణీ గుర్తొస్తుంది. నిజానికి ఆ కవిత పుట్టిందే ఒక సంగీత నాటకంలో పాటగా. 1782లో వైమర్ దగ్గర టీఫుర్ట్ తోటలో, ఇల్మ్ నది ఒడ్డున ఆ నాటకం ఆడినప్పుడు దానికి మొట్టమొదటి బాణీ కట్టినదీ, బెస్తపిల్ల వేషంలో దాన్ని పాడినదీ కొరోనా ష్రోటర్ అనే నటీమణి. షూబర్ట్ పాటలో ఉన్న గుర్రపు డెక్కల వేగం ఆమె పాటలో లేదు. పని చేసుకుంటూ కూనిరాగం తీసే పల్లె పాటలాగా దాన్ని చిన్నగా, సాదాగా కట్టారు. ఆ నాటకంలో ఆ సన్నివేశానికి కావలసింది అదే.

ఇంటి పాట కాబట్టి ఆడవారు రాసుకోవచ్చన్నారు. ఇంటి పాట కాబట్టి ఇంట్లోనే ఉండనివ్వమన్నారు. నేను చదివినంతలో ఈ స్త్రీలందరి కథా ఈ రెండు మాటల మధ్యనే నడిచింది. వారి పాటల విలువ ఎవరికీ తెలియక మరుగున పడ్డాయని అనుకోవడానికి వీల్లేదు. అందరికంటే బాగా తెలిసినవారే, ఆ పాటలను ప్రేమించినవారే, అవి గుమ్మం దాటనక్కరలేదని నిర్ణయించారు.

ఫానీ 1805 నవంబరు 14న హాంబర్గ్‌లో పుట్టారు. ఫెలిక్స్ కంటే మూడేళ్లకు పైగా పెద్ద. పుట్టిన బిడ్డ వేళ్లు చూసి, ఇవి స్వరకర్త బాఖ్ ఫ్యూగులు, అంటే ఒకే రాగఖండాన్ని అనేక స్వరధారలు అందుకుంటూ పోయే రచనలు, వాయించే వేళ్లని తల్లి అన్నారట. అక్కాతమ్ముళ్లిద్దరికీ ఒకే చదువు చెప్పించారు: పియానోకు లుడ్విగ్ బెర్గర్, సంగీత రచనకు త్సెల్టర్. పదమూడేళ్ల వయసులో ఫానీ బాఖ్ రాసిన 24 ప్రెల్యూడ్లను (చిన్న వాద్య రచనలను) కాగితం చూడకుండా తండ్రికి వాయించి వినిపించారు. తమ్ముడు తాను రాసిన ప్రతి రచననూ ముందు అక్కకు చూపించి, ఆమె సరే అన్నాకనే తృప్తి పడేవారు. ఇంత ప్రోత్సాహం ఉన్న ఇంట్లోనే, 1820లో తండ్రి అబ్రహాం కూతురికి రాసిన ఉత్తరంలో, సంగీతం ఫెలిక్స్‌కు వృత్తి కావచ్చునేమో గానీ నీకు మాత్రం అది ఎప్పటికీ అలంకారంగానే ఉండాలని, నీ జీవితానికి అది పునాది కాకూడదని రాశారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. మళ్లీ ఇరవై మూడో పుట్టినరోజున, ఆడపిల్లకు ఉన్న ఏకైక వృత్తి గృహిణి కావడమే కనుక దానికి మరింత శ్రద్ధగా సిద్ధపడమని ఇంకొక ఉత్తరం రాశారు. ఈ తండ్రి కఠినుడు కాడు. ఖరీదైన గురువులను పెట్టి చదువు చెప్పించినదీ ఆయనే. నేర్పించడానికీ అనుమతించడానికీ మధ్య అంత దూరం ఉంటుందని, ఆ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు నాకు మొదటిసారి గట్టిగా తట్టింది.

ఆ చదువుకు ఫలితం ఆరు పాటలుగా బయటికి వచ్చింది, పేరు లేకుండా. 1827లో ఫెలిక్స్ తన ఎనిమిదో ప్రచురణగా పన్నెండు పాటల సంపుటం తెచ్చారు. వాటిలో మూడు ఫానీవి. 1830లో తొమ్మిదో ప్రచురణగా మరో పన్నెండు పాటలు వచ్చాయి. వాటిలోనూ మూడు ఫానీవి. దీన్ని దొంగతనం అనడానికి నాకు మనసొప్పదు. ఇంటివారికీ స్నేహితులకూ ఏ పాట ఎవరిదో తెలుసు. 1830లోనే జాన్ థామ్సన్ అనే స్కాట్లండ్ సంగీతకారుడు లండన్ పత్రికలో, మొదటి సంపుటంలోని మంచి పాటలు కొన్ని ఫెలిక్స్ అక్కవని బాహాటంగా రాశారు కూడా. అయినా అచ్చుపుస్తకం తన మానాన తాను ప్రయాణం చేస్తుంది. బెర్లిన్ స్నేహబృందానికి తెలిసిన సంగతి ఆ పుస్తకం కొన్న ఊరూరివారికీ తెలియదు.

ఇంగ్లండు రాణికీ తెలియదు. 1842 జూలైలో బకింగ్‌హామ్ రాజభవనంలో ఇంకా పడుచు వయసులోనే ఉన్న విక్టోరియా మహారాణి, ఫెలిక్స్ ఎదుట ఆయన పాట ఒకటి పాడి వినిపించాలని సంపుటం తీసి ఎంచుకున్నది "ఇటాలియెన్". పాట పూర్తయ్యాక ఫెలిక్స్, అది తన అక్క రాసిందని ఒప్పుకోవలసి వచ్చింది. అలా ఒప్పుకోవడం కష్టంగా తోచిందని ఆయనే తల్లికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నారు; ఆ తరువాత తాను నిజంగా రాసిన పాట ఒకటి పాడమని రాణిని కోరారట. ఈ సంఘటనను చాలామంది ఒక సరదా ముచ్చటగా చెబుతారు. నేను ఆ పాట నేర్చుకున్నాక దాన్ని సరదాగా తీసుకోలేకపోయాను. ఆ కవితలో మాట్లాడేవారు గద్యం బరువునూ శ్రమనూ వదిలి కవిత్వపు నేలకు ప్రయాణం కడుతున్నారు. ఫానీ 1825లో దానికి బాణీ కట్టేనాటికి ఇటలీ చూడలేదు. 1822లో కుటుంబంతో స్విట్జర్లాండ్ వెళ్లినప్పుడు గోట్‌హార్డ్ కనుమ మీద నిలబడి, అవతల ఉన్న ఇటలీ వైపు చూసి వెనక్కి తిరిగి వచ్చారు. మళ్లీ 1839లో గానీ ఆ కొండ దాటలేదు. పాట పొడవునా ఉరకలు వేసే ఆ లయ, వెళ్లడానికి మూట కట్టుకుని గుమ్మంలో నిలబడిన, ఇరవైకి చేరువవుతున్న పెళ్లికాని అమ్మాయిది; ఆ రోజుల్లో ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేని అమ్మాయిది.

1829లో ఆమె చిత్రకారుడు విల్‌హెల్మ్ హెన్సెల్‌ను పెళ్లి చేసుకున్నారు. భర్త ఆమె రచనలను అచ్చు వేయమని ప్రోత్సహించినవాడే. బెర్లిన్‌లో లైప్‌త్సిగర్ వీధి 3వ నంబరు ఇంట్లో, తోట వైపు ఉన్న హాలులో ఆదివారాలు ఆమె కచేరీలు నడిపారు. ఊళ్లోకి వచ్చిన పెద్ద సంగీతకారులందరూ అక్కడికి వచ్చేవారు. గాయకబృందాన్ని తయారు చేసుకుని నడిపించినదీ, ఏది వాయించాలో నిర్ణయించినదీ ఆమే. అయినా అది ఇల్లు. టికెట్టు లేదు, పత్రికలో సమీక్ష లేదు. బహిరంగ వేదిక మీద ఆమె పియానో వాయించినట్టు తెలిసిన సందర్భం 1838లో ధర్మకార్యం కోసం జరిగిన కచేరీ ఒక్కటే, అక్కడా వాయించినది, పియానోకూ వాద్యబృందానికీ కలిపి రాసిన తమ్ముడి కాన్‌చెర్టో. ఆ ఇల్లు తరువాత పడగొట్టారు. ఆ స్థలంలో ఇప్పుడు జర్మనీ బుండెస్‌రాట్, అంటే మన రాజ్యసభ వంటి సభ, కొలువై ఉంది. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లే దారిలో ఆ భవనం ముందు నుంచి ఎన్నోసార్లు నడిచాను, ఆ సంగతి తెలిసిన తరువాత నడక కొంచెం నెమ్మదించేది.

1837లో తల్లి లేయా, ఫానీ పాటలు అచ్చు వేయించేలా నువ్వు ఒక మాట చెప్పమని ఫెలిక్స్‌ను అడిగారు. ఆయన ఇచ్చిన జవాబు ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టినది. అచ్చు వేయడం అంటే జీవితాంతం రచయితగా నిలబడటమని, ఒక్కటి వేసి ఊరుకోకుండా వరుసగా వేస్తూ పోవాలని, ఫానీకి అటువంటి కోరికా లేదు, అవసరమూ లేదని, ఇల్లు చక్కదిద్దుకోవడం పూర్తయ్యాకే ఆమె లోకం గురించీ సంగీతం గురించీ ఆలోచిస్తుందని, అది తనకు సరైనదిగానే తోస్తుందని, అందువల్ల తాను ప్రోత్సహించలేనని రాశారు. ఆమె తనంతట తాను నిర్ణయించుకుంటే సాయం చేస్తానని కూడా అదే ఉత్తరంలో ఉంది. మర్యాదగా, ప్రేమగా, తర్కబద్ధంగా రాసిన ఉత్తరం. దాని ఫలితం తొమ్మిదేళ్లు.

ఇక్కడే యోసెఫీన్ లాంగ్ గురించి చెప్పాలి. ఆమె పేరు ఫానీ, తరువాత చెప్పబోయే క్లారా షూమన్‌ల కంటే చాలా తక్కువమందికి తెలుసు. నాకు మాత్రం ఆమె లేకుండా ఫానీ కథ అర్థం కాలేదు. 1815లో మ్యూనిక్‌లో సంగీతకారుల ఇంట పుట్టారు. తండ్రి వయొలిన్ విద్వాంసుడు, తల్లి గాయని. చిన్నతనం నుంచే పాఠాలు చెప్పి సంపాదించవలసిన పరిస్థితి. 1830లోనూ, 1831లోనూ మ్యూనిక్ వచ్చిన ఫెలిక్స్ ఆమె పాటలు విని ముగ్ధుడై, ఇంటికి ఉత్తరాల్లో ఆమెను ఎంతో పొగిడి, రోజూ పాఠాలు చెప్పారు. 1842లో ఆమె ట్యూబింగెన్‌లో న్యాయశాస్త్ర ఆచార్యుడూ కవీ అయిన క్రిస్టియన్ రైన్‌హోల్ట్ క్యోస్ట్‌లిన్‌ను పెళ్లాడారు. ఆ పెళ్లి కుదిరినప్పుడు ఫెలిక్స్ పెళ్లికొడుక్కి రాసిన ఉత్తరంలో, దేవుడి మీద ఆన, ఆమెను పాటలు రాయకుండా ఆపవద్దు, రాసేలా వెంటపడు అన్న అర్థంలో వేడుకున్నారు.

అంటే 1837లో అక్క విషయంలో వద్దన్న మనిషే, 1841లో యోసెఫీన్ విషయంలో బతిమాలాడు. స్త్రీలు స్వరపరచలేరని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. తేడా అంతా అంతస్తుది. మెండల్సోన్లు బెర్లిన్‌లో పేరున్న బ్యాంకరు కుటుంబం. ఆ ఇంటి ఆడపడుచు తన పాటను బజారులో అమ్మకానికి పెట్టడం ఆ కుటుంబ గౌరవానికి సరిపడదని వారి భావన. యోసెఫీన్‌కు అచ్చు అంటే కూడూ గుడ్డా. పేదరికం ఆమెకు ఇచ్చిన హక్కును సంపద ఫానీకి ఇవ్వలేదు. అయితే ఆ హక్కుతో యోసెఫీన్ సుఖపడ్డారా అంటే అదీ లేదు. పెళ్లయ్యాక ఆరుగురు పిల్లలు పుట్టారు, కలం దాదాపుగా ఆగిపోయింది. 1856లో భర్త చనిపోయాక, ఇల్లు నడపడానికి మళ్లీ పాఠాలు చెప్పడం, మళ్లీ పాటలు రాసి ప్రచురణకర్తల చుట్టూ తిరగడం మొదలైంది. స్వరకర్త ఫెర్డినాండ్ హిల్లర్ ఆమె గురించి వ్యాసం రాసి, నలుగురి దృష్టికీ తెచ్చే ప్రయత్నం చేశారు. ఆమె 1880లో మరణించారు. రెండేళ్లకు కుమారుడు నలభై పాటలను ఎంపిక చేసి సంపుటంగా తెచ్చాడు. జీవితకాలంలో ఇంచుమించు నూట యాభై పాటలు అచ్చయిన స్వరకర్త ఆమె. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఆమె పేరు నిఘంటువుల్లో నాలుగు వరుసలకు మించలేదు. వయసు మళ్లిన స్వరకర్త బ్రామ్స్ ఫోటోలు, తెల్లగడ్డంతో వియన్నా ఇళ్లలో కూర్చున్నవి, చాలామంది చూసే ఉంటారు. వాటిలో కొన్నింటిని తీసిన మరియా ఫెల్లింగర్ ఈ యోసెఫీన్ కూతురే.

ఫానీ 1846లో, నలభై ఏళ్లు దాటాక, అచ్చు వేయాలని నిర్ణయించుకున్నారు. బెర్లిన్‌లోని ఇద్దరు ప్రచురణకర్తలు తమంతట తాము అడగడం ఆమెకు ధైర్యాన్నిచ్చింది. జూలైలో తమ్ముడికి రాసిన ఉత్తరంలో, పద్నాలుగేళ్లప్పుడు నాన్నకు భయపడినట్టే నలభై ఏళ్లప్పుడు తమ్ముళ్లకు భయపడుతున్నానని ఒప్పుకుని, నీ ఇష్టానికి విరుద్ధమైనా ఈ పని చేస్తున్నానని చెప్పారు. తమ్ముడి నుంచి ఆశీర్వాదం రావడానికి నెల పైన పట్టింది. బోటె ఉండ్ బాక్ సంస్థ ఆమె మొదటి ప్రచురణగా ఆరు పాటలు తెచ్చింది. ముఖపత్రం మీద హెన్సెల్ అనే పేరూ, పుట్టింటి పేరూ రెండూ ఉన్నాయి. పేరు లేకుండా వచ్చిన ఆరు పాటలకూ, పేరుతో వచ్చిన ఈ ఆరు పాటలకూ మధ్య దాదాపు ఇరవై ఏళ్లు. ఆమె మొత్తం రాసిన పాటలు సుమారు రెండు వందల యాభై.

ఆ సంపుటంలో మొదటిది "ష్వానెన్‌లీడ్", హంసగీతం. కవిత హైనేది. ఆకాశం నుంచి ప్రేమనక్షత్రం రాలుతుంది, ఆపిల్ చెట్టు నుంచి పూలూ ఆకులూ రాలుతాయి, చెరువులో హంస పాడుతూ పాడుతూ నీటిలో మునిగిపోతుంది, చివరికి చీకటీ నిశ్శబ్దమూ మిగులుతాయి. ప్రతి చరణంలో ఏదో ఒకటి కిందికి జారుతూ ఉండగా, పియానో మాత్రం ఆగకుండా మెత్తగా అలలు అలలుగా కదులుతూనే ఉంటుంది. ఆ నీటి కదలిక మీద గొంతు పైకి లేచి, నిలిచి, దిగుతుంది. తరగతిలో దీన్ని పాడుతున్నప్పుడు టీచరుగారు నన్ను ఎక్కువసార్లు ఆపినది ఒక్క విషయానికే: దిగేటప్పుడు గమకం వేయవద్దు, స్వరం మీద నేరుగా నిలబడు అని. ఇరవై ఏళ్ల కిందట మానేసిన విద్య గొంతులో అంత మొండిగా మిగిలి ఉందని అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడాది, 1847 మే 13న ఫానీ ఐషెన్‌డార్ఫ్ కవితకు "బెర్గెస్‌లుస్ట్" అనే పాట కట్టారు. కొండ మీద నిలబడి అడవులనూ నదులనూ చూసే ఆనందం గురించిన పాట అది. మర్నాడు ఆదివారపు కచేరీ కోసం తమ్ముడి రచన ఒకటి సాధన చేయిస్తుండగా, పియానో మీద చేతులు పట్టు తప్పాయి. పక్షవాతంతో ఆ రాత్రి కన్నుమూశారు. నలభై ఒక్క ఏళ్లు. ఆరు నెలలు తిరగకుండా నవంబరు 4న ఫెలిక్స్ కూడా పోయారు. పోయేముందు అక్క రచనలు మరికొన్ని అచ్చు కావడానికి ఏర్పాటు చేశారు. అవి 1850లో వచ్చాయి. హాలెషెస్ టోర్ దగ్గరి శ్మశానంలో ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. ఫానీ రాతి మీద ఆ చివరి పాటలోని చివరి మాటలు చెక్కారు: ఆలోచనలూ పాటలూ సాగిపోతాయి, స్వర్గం దాకా.

అదే 1847 వసంతంలో బెర్లిన్ వచ్చిన క్లారా షూమన్ ఫానీతో తరచుగా కలిశారు. పియానో, వయొలిన్, చెల్లో కోసం తాను రాసిన పియానో ట్రియోను ఆమెకు అంకితం ఇవ్వాలనుకున్నారు. అది అచ్చయ్యేలోగా ఫానీ లేరు.

క్లారా మార్గం వేరు. తొమ్మిదేళ్ల వయసు నుంచే వేదిక ఎక్కిన పియానో విద్వాంసురాలు. ఆమె పేరు యూరప్ అంతటికీ తెలుసు. మరుగున పడినది ఆమెలోని స్వరకర్త. 1839లో ఇరవై ఏళ్ల వయసులో ఆమె డైరీలో, నాకు సృజనశక్తి ఉందని ఒకప్పుడు నమ్మాను, ఆ నమ్మకం వదిలేశాను, స్త్రీ స్వరరచన చేయాలని కోరుకోకూడదు, ఇంతవరకూ ఎవరూ చేయలేకపోయారు, ఆ ఒక్కతెను నేనే అవుతానని ఎలా అనుకోను అని రాసుకున్నారు. ఆమె అది రాసేనాటికి ఫానీ వందల పాటలు రాసి సొరుగులో పెట్టి ఉన్నారు; యోసెఫీన్ పాటల సంపుటాలు అచ్చయి ఉన్నాయి. అచ్చు కాని పాట చేసే నష్టం ఇంత దూరం వెళుతుంది. ముందు నడిచినవారి అడుగులు కనిపించకపోతే వెనక వచ్చినవారు తామే మొదటివారమనుకుని జంకుతారు.

1840 సెప్టెంబరులో స్వరకర్త రాబర్ట్ షూమన్‌తో పెళ్లయింది. ఆ క్రిస్మస్‌కు క్లారా భర్తకు మూడు పాటలు రాసి బహుమతిగా ఇచ్చారు. మరుసటి ఏడాది ర్యూకర్ట్ కవితలకు ఇద్దరూ కలిసి కట్టిన పన్నెండు పాటల సంపుటం వచ్చింది, రాబర్ట్‌కు 37వ ప్రచురణ, క్లారాకు 12వది. ముఖపత్రం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి గానీ, లోపల ఏ పాట ఎవరిదో చెప్పలేదు. రెండు, నాలుగు, పదకొండు ఆమెవి. చూసిన సమీక్షకులకు తేడా తెలియలేదు. ఫానీ సంపుటాల్లో పేరే లేదు. ఇక్కడ పేరుంది, పాటకు మాత్రం తగిలించలేదు. ఇది భార్యాభర్తలు ఇష్టపడి ఆడిన దాగుడుమూతలని తెలిసినా, తరువాతి కాలం ఆ సంపుటాన్ని రాబర్ట్ ఖాతాలోనే వేసుకున్నదని కూడా మరిచిపోలేను. 1843 డైరీలో రాబర్ట్ తానే నిజాయితీగా రాసుకున్నారు: పిల్లలూ, ఎప్పుడూ ఊహల్లో బతికే భర్తా ఉండగా స్వరరచన కుదరదు, క్లారాకు తీరిక దొరకదు, ఎన్ని లోతైన ఆలోచనలు ఇలా పోతున్నాయో తలచుకుంటే బాధ కలుగుతుందని. ఆ ఇంట్లో ఆయన రాసుకునే వేళ ఆమె పియానో ముట్టుకునే వీలు ఉండేది కాదు, గోడలు పలచన. ఎనిమిదిమంది పిల్లలు. 1853లో ఒక్క వేసవిలో రోలెట్ కవితలకు ఆరు పాటలు వచ్చాయి. 1854లో రాబర్ట్ ఎండెనిక్ మానసిక చికిత్సాలయంలో చేరారు, 1856లో పోయారు. ఆ తరువాత ఆమె నలభై ఏళ్లు బతికారు. కచేరీలు చేసి కుటుంబాన్ని పోషించారు. భర్త రచనలన్నింటినీ సంపాదకత్వం వహించి అచ్చు వేయించారు. పాటలు మాత్రం రాయలేదు. 1990 నుంచి యూరో వచ్చేదాకా జర్మనీ వంద మార్కుల నోటు మీద ఆమె బొమ్మ ఉండేది, వెనకవైపు పియానో.

ఆ జంట సంపుటంలో నాలుగో పాట "లీబ్‌స్ట్ డు ఉమ్ ష్యోన్‌హైట్" గురించి కొంచెం ఆగి చెప్పాలి. అందం కోసం ప్రేమిస్తే నన్ను ప్రేమించకు, బంగారు జుట్టున్న సూర్యుణ్ణి ప్రేమించు. యవ్వనం కోసమైతే ఏటేటా పడుచుగా వచ్చే వసంతాన్ని ప్రేమించు. సంపద కోసమైతే ముత్యాలున్న జలకన్యను ప్రేమించు. ప్రేమ కోసమైతే మాత్రం, అవును, నన్నే ప్రేమించు. నాలుగు చరణాలూ ఒకే అచ్చులో పోసినట్టుండే కవిత ఇది, బాణీ కట్టేవారికి విసుగు పుట్టించగల కవిత. క్లారా దాన్ని ఎక్కడా బిగ్గరగా చేయలేదు. మాట్లాడినంత దగ్గరగా ఉంటుంది ఆ స్వరం. చివరి చరణంలో ఆ "అవును" దగ్గర మాత్రం పట్టి ఉంచిన ఊపిరి వదిలినట్టుంటుంది.

ఇదే కవితకు 1902 వేసవిలో స్వరకర్త గుస్టావ్ మాలర్ కూడా బాణీ కట్టారు, కొత్తగా పెళ్లాడిన భార్య ఆల్మాకు రహస్యంగా ఇవ్వడానికి. ఆల్మా, స్వరకర్త త్సెమ్లిన్‌స్కీ దగ్గర స్వరరచన నేర్చుకున్న మనిషి, అప్పటికే ఎన్నో పాటలు రాసి ఉన్నారు. పెళ్లికి ముందు, 1901 డిసెంబరులో, మాలర్ ఆమెకు చాలా పొడవైన ఉత్తరం రాసి, ఈ ఇంట్లో స్వరకర్త నేనొక్కణ్ణే, నీ పని నన్ను సంతోషపెట్టడం అన్న షరతు పెట్టారు. ఆమె ఒప్పుకున్నారు. 1910లో సంసారం విరిగే దశకు వచ్చాక ఆయన ఆ పాత పాటలు వాయించి చూసుకుని, పశ్చాత్తాపపడి, అయిదింటిని అచ్చు వేయించారు. ఆమె బతికుండగా అచ్చయినవి మొత్తం పద్నాలుగు. మాలర్ కట్టిన బాణీ ఎంతో అందమైనది. ఈ సంగతి తెలిశాక కూడా అందమైనదే. కానీ ప్రేమ కోసమైతే నన్నే ప్రేమించు అన్న ఆ చివరి చరణాన్ని, ఆ బహుమతి అందుకున్నామె వైపు నిలబడి వినడం నాకు అలవాటైపోయింది.

ఈ పాటలను మళ్లీ వెలికి తీసిన పని పెద్ద ప్రకటనలతో జరగలేదు. ఫానీ రాతప్రతుల్లో అధికభాగం బెర్లిన్ రాష్ట్ర గ్రంథాలయంలోని మెండల్సోన్ సంగ్రహంలో భద్రంగానే ఉన్నాయి, తెరిచి చదివి అచ్చుకు సిద్ధం చేసేవారు కావలసి వచ్చింది. 1986లో కాసెల్‌లో ఫూరోరె అనే ప్రచురణ సంస్థ, స్త్రీల సంగీత రచనలను మాత్రమే వేయాలన్న నియమంతో మొదలైంది. ఫానీ పాటలు ఎన్నో అక్కడి నుంచే గాయనుల చేతికి వచ్చాయి. పేర్లు కూడా ఒక చిక్కు. ఫానీ కోసం వెతకాలంటే మెండల్సోన్ కింద చూడాలి, మెండల్సోన్ బార్తోల్డీ కింద చూడాలి, హెన్సెల్ కింద చూడాలి. క్లారా పెళ్లికి ముందు వీక్. యోసెఫీన్ లాంగ్ కొన్నిచోట్ల క్యోస్ట్‌లిన్. మనిషి ఒక్కరే అయినా అల్మరాలు మూడు. నేను వెళ్లే చిన్న గ్రంథాలయంలో "ష్వానెన్‌లీడ్" దొరకకపోతే లేదనుకుని రెండు వారాలు తిరిగాను. అది మరో పేరు కింద, మూడు అడుగుల అవతల ఉంది.

తరగతి చివరి వారం మేమందరం తలా ఒక పాట పాడే చిన్న కార్యక్రమం పెట్టుకున్నాం. కరపత్రం టైపు చేసే పని నాకు అప్పగించారు. ఎనిమిది పాటలకూ కవి పేరు, స్వరకర్త పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం వేశాను. నా వంతు నాలుగోది. "ఇటాలియెన్. కవిత: ఫ్రాన్ట్స్ గ్రిల్‌పార్ట్సర్. సంగీతం: ఫానీ హెన్సెల్, 1805–1847." టీచరుగారు దాన్ని ఒకసారి చదివి, ఏమీ దిద్దకుండా, ముప్పై ప్రతులు తీసుకురమ్మన్నారు.